‘మందులు లేవు’ అని రాసిన చెయ్యి

రక్తం అడిగితే మనిషి చెయ్యి చాపుతాడు. మూత్రం అడిగితే కొంచెం నసుగుతాడు. మలం అడిగి చూడండి, మీ మాటకారితనం ఎంతో అప్పుడు బయటపడుతుంది.

వరంగల్‌లో ఒక మెడికల్ కాలేజీ ల్యాబ్‌లో ముప్పై రెండేళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చివరి రోజుల్లో ఏడాదిన్నర పాటు నేను చేసింది ఇదే. ఇంటింటికీ తిరిగి, నీలం మూత డబ్బా చేతిలో పెట్టి, రేపు పొద్దున కొంచెం ఇందులో ఇవ్వండి అని బతిమాలడం. కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు కనబడినప్పుడల్లా, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఒకటి చెప్పండి మేడమ్ అంటుంటారు. ఇన్నాళ్లూ ఏదో ఒక నవ్వుల కథ చెప్పి తప్పించుకున్నాను. మరిచిపోలేనిది నిజంగా ఒకటి ఉంది. అది చెప్పాలంటే ముందు మా వదిన గురించి చెప్పాలి.

మాకు చుట్టరికం ఏమీ లేదు. మా ప్రొఫెసర్ మేడమ్‌కు ఒక ప్రాజెక్టు మంజూరైంది. పేగుల్లో బతికే బాక్టీరియాకూ, షుగర్ జబ్బుకూ సంబంధం ఏమిటో చూడటం. ఒకవైపు వరంగల్ బజారులో తరతరాలుగా గింజల వ్యాపారం చేసుకునే కుటుంబాలు, ఇంకోవైపు ధర్మసాగర్ చుట్టుపక్కల ఊళ్ల రైతు కుటుంబాలు. ఒక్కొక్కరి దగ్గర పరగడుపున రక్తం, ఒక డబ్బా మలం, ఒక షీటు నిండా ప్రశ్నలకు జవాబులు తీసుకోవాలి. సూదీ, కలమూ నావి. జనాన్ని ఒప్పించే పనికి కాంట్రాక్టు మీద ఒకామెను తీసుకున్నారు. ధర్మసాగర్ అవతలి ఊరామె. నాకన్నా నాలుగేళ్లు పెద్దది, ఏడో తరగతి దాకా చదివింది, భర్త పోయి చాలా ఏళ్లయింది. నా స్కూటీ మీద మా ఇద్దరి మధ్య ఐసు డబ్బా పెట్టుకొని తిరిగేవాళ్లం.

మొదటి వారం ఆమె నన్ను "మేడమ్, మేడమ్" అనేది. ఒకరోజు గతుకుల రోడ్డు మీద వస్తుంటే ఒక డబ్బా మూత ఊడింది. ఎవరిదో ఇక్కడ చెప్పను, ఊళ్లో పెద్దమనిషి. ఐసు డబ్బాలో సగం, ఆమె చీర మీద సగం. నేను బండి ఆపేసి, చేతులు గాలిలో పెట్టుకొని, ఏడుపు మొహంతో నిలబడ్డాను. ఆమె నన్ను చెయ్యి పట్టి బోరింగు దగ్గరికి ఈడ్చుకుపోయింది.

"ఓ పిల్లా, కొట్టు బోరింగు! నేను కడుగుత. పిల్లలను కన్నదానివి, గింతదానికి గంత ఆగమైతవేందే!" అంది.

ఆ ‘పిల్లా’ అట్లాగే ఉండిపోయింది. నాకప్పుడు యాభై ఐదేళ్లు. అమ్మ పోయాక నన్ను పిల్లా అని పిలిచేవాళ్లు లోకంలో ఎవరూ మిగల్లేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఆ పిలుపు తలుచుకొని నాలో నేనే నవ్వుకున్నాను. మర్నాటి నుంచి ఆమె నాకు వదినె అయింది.

వదిన పని చూసి నేర్చుకోవాలి. మేడమ్ మాకు పాఠం చెప్పేది. మనం అరిగించుకోలేని పీచు పెద్దపేగు దాకా పోతుంది, అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి, అవి పేగు గోడకు బలం, ఒంట్లో చక్కెర ఎట్లా ఖర్చవుతుందన్నదాని మీద కూడా వాటి ప్రభావం ఉంటుంది, పీచు దొరకకపోతే కొన్ని రకాలు పేగు మీది జిగురు పొరనే తింటాయి. నేను ఇదంతా ఊళ్లో చెబితే జనం ఆవులించేవాళ్లు. వదిన గడపలో కూర్చొని మొదలుపెట్టేది.

"నీ కడుపుల కోళ్లున్నయనుకో అవ్వా. కండ్లకు కానరాని కోళ్లు. నువ్వు జొన్నగట్క తిన్నవు, పప్పు తిన్నవు, కూరాకు తిన్నవు, వాటికి గింజలేసినట్టే. మంచిగ గుడ్లు పెడ్తయి. ఉత్త తెల్లబువ్వ తిన్నవనుకో, అది నీకే సరిపాయె, వాటికేం మిగల్లె. అవి ఏం చేస్తయి? నీ ఇంటి గోడలే పొడుసుకుంట తింటయి. నీ కోళ్లు ఎట్లున్నయో సూడాలంటే నాకు జరంత పెంట గావాలె. గంతే."

నవ్వు ఆగేది కాదు. నవ్విన వాళ్లంతా డబ్బా తీసుకునేవాళ్లు. మేడమ్ ఈ కోళ్ల సంగతి విని, విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు కూడా అదే వాడుకుంది. వదినకు ఆ ముచ్చట చెబితే, "మరి నాకు ప్రొఫెసర్ నౌకరి ఎప్పుడిస్తరట?" అని అడిగింది.

ఊళ్లలో పని సాఫీగానే సాగింది. బజారులోనే చిక్కు వచ్చింది.

ఒక గింజల షావుకారు ఇల్లు. ముందు గదిలో నేను ఆయనకు రక్తం తీస్తున్నాను. వదిన ఎప్పటిలాగే పెరటి దారిన వంటింటి గడప దాకా పోయి ఆ ఇంటి అమ్మతో మాటల్లో పడింది. ఇద్దరికీ షుగర్ లేదన్నారు, మందులు లేవన్నారు. పొద్దున్నే ఏమైనా తీసుకుంటారా అని షీటులో ఒక ప్రశ్న. "మెంతులు. నానబెట్టి మింగుతం" అన్నాడు షావుకారు. రాసుకున్నాను.

  తిరిగి వస్తుంటే, కొంతదూరం పోయాక వదిన నా వీపు మీద తట్టింది.

"పిల్లా, బండి జర పక్కకు ఆపు." ఆపాను. "ఆ ఇంట్ల మెంతుల డబ్బల గోలీలున్నయే."

"ఏం గోలీలు?"

"షుగర్ గోలీలు. ఆయనకు, ఆమెకు, ఇద్దరికి. నేను డబ్బ దిక్కు సూసిన్నో లేదో, నా రెండు చేతులు పట్టుకున్నది. కొడుక్కు సంబంధాలు సూస్తాన్రట. తల్లిదండ్రులిద్దరికి షుగరని తెలిస్తే పిల్లనెవ్వలిస్తరు, నీ కాళ్లు మొక్కుత, నీ నోట్ల నుంచి రానియ్యకు అన్నది. ఒట్టు వెట్టిచ్చుకున్నది. మరి షీటుల ఏం రాస్తవో నువ్వే చెప్పు, సదువుకున్నదానివి."

చదువుకున్నదాన్నే. ఆ గోలీ షుగర్‌నే కాదు, పేగుల్లోని బాక్టీరియాను కూడా మారుస్తుందని, అందుకే ఆ ప్రశ్న షీటులో పెట్టారని మేడమ్ రెండుసార్లు చెప్పింది. కానీ రోడ్డు పక్కన నిలబడి ఉంటే, ఆ తల్లి భయమే నాకు పెద్దదిగా కనిపించింది. మా ఇంట్లోనూ పెళ్లిళ్లు అయ్యాయి, ఇలాంటివి నాకు తెలియనివి కావు. గోలీలు మింగేవాళ్లకు పరగడుపు రక్తంలో షుగర్ చాలాసార్లు మామూలుగానే కనబడుతుంది, ఒక్క ఇల్లే కదా అనుకున్నాను.

"లేవనే ఉండనియ్యి వదినె. మనకెందుకు" అన్నాను. అది నా మాట. షీటులో ఉన్నది నా చేతిరాత.

బజారులో మాట ఒక ఇంట్లో ఆగుతుందా? ఆ అమ్మ తన వాడలో ఆడవాళ్లకు చెప్పుకుంది, వీళ్లు మంచివాళ్లు, అడిగితే మెంతులని చెప్పండి, ఏమనరని. తరువాత వారాల్లో ఆ వాడలో ఏడిళ్లు మాకు మెంతులే చెప్పాయి. కొన్ని ఇళ్లలో నిజంగా మెంతులే ఉండవచ్చు. ఎక్కడ ఏముందో వదినకు తెలుసు, నాకు సగం తెలుసు. నేను మాత్రం అన్ని చోట్లా ‘లేవు’ అనే రాసుకుంటూ పోయాను.

ఏడాది గడిచింది. పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు మేడమ్ మొహం వెలిగిపోతూ ఉంది. కంప్యూటర్ ముందుకు నన్ను పిలిచి చూపించింది.

"షుగర్ లేని ఈ బజారు వాళ్లను చూడండి. వీళ్లందరిలో ఒకే రకమైన మార్పు. వీళ్లందరూ మెంతులు తినేవాళ్లే! ఇంత స్పష్టంగా వస్తుందని నేను అనుకోలేదు." మళ్లీ ఆగి అడిగింది. "మందుల కాలమ్ ఇంకోసారి చూశారా? షుగర్ టాబ్లెట్ వేసుకున్నా కొంచెం ఇట్లాగే కనిపిస్తుంది."

"చూశాను మేడమ్. లేవు."

 ఇన్ని నెలల తరువాత ఇప్పుడేం చెబుతాం అనుకున్నాను. అనుకుంటూ ఇంకో రెండు నెలలు గడిపాను.

ఈలోగా వదిన సంతోషంగా ఉంది. తాను పనిచేసే చోట పెద్ద సంగతి కనిపెట్టారని ఆమె గర్వం. మెంతుల వెనక గోలీలున్నాయని తెలిసి కూడానా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. "మేడమ్ అంత సదివినామె, అన్ని సూసే చెప్తది గద? మెంతుల కూడ ఏదో గుణముంటది తియ్యి" అంది. మేడమ్ మమ్మల్ని నమ్మింది, వదిన మేడమ్‌ను నమ్మింది. ఎవరూ ఎవరికీ అడ్డం చెప్పలేదు. వదిన ఊళ్లో తన అన్నకు ఆ మాట చేరవేసింది. ఆయనకు ఏళ్ల తరబడి షుగర్. పెద్ద దవాఖానోళ్లే చెప్పారట అని గోలీలు పక్కన పడేసి, మెంతుల నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. చెల్లెలికి కూడా చెప్పలేదు.

హైదరాబాదు నుంచి పెద్దవాళ్లు వచ్చి ఫలితాలు చూసే రోజు వచ్చింది. వాళ్లు మెచ్చుకుంటే ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు సాగుతుంది, వదిన నౌకరీ కూడా. నేను కంచి పట్టుచీర కట్టుకొని పోయాను. వదిన రాలేదేమిటా అని చూస్తుంటే, మా దవాఖాన వార్డుల వైపు నుంచి నలిగిన చీరతో వచ్చింది.

"మా అన్నను నిన్న తెచ్చిన్రు. కాలు పుండుపడ్డది. రెండు వేళ్లు తీసేసిన్రు." కళ్లలో నీళ్లు లేవు. "రెండు నెలల సంది గోలీలు మింగుతలేడట పిల్లా. మెంతులు తాగుతాండట. నేను చెప్పిననే. నేనే చెప్పిన."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. 

"నేను లోపల చెప్తాన" అంది.

"ఇప్పుడే వద్దు వదినె. మీటింగ్ అయినంక మేడమ్‌కు మెల్లగ చెప్దాం."

"అయినంక అది పేపర్ల అచ్చయితది. ఇంకెందరు బందు వెడ్తరో గోలీలు. నీకు భయమైతలేదా?"

నాకు రెండేళ్ల సర్వీసు మిగిలి ఉంది. ఆమెకు ఆ సంగతి తెలుసు. నా మొహంలోకి ఒకసారి చూసి, నా చెయ్యి వదిలించుకొని లోపలికి వెళ్లింది.

మేడమ్ తెర మీద బొమ్మలు చూపిస్తూ మెంతుల దగ్గరికి వచ్చింది. వెనక వరసలో నా పక్క కుర్చీ చప్పుడైంది. వదిన లేచి నిలబడింది.

"మేడమ్, జర ఆగుండ్రి. ఆ మెంతుల మాట తప్పు. బజారుల కొన్ని ఇండ్లల్ల షుగర్ గోలీలు మింగుతాన్రు. దాసిపెట్టి మెంతులని చెప్పిన్రు."

గది అంతా వెనక్కి తిరిగింది. మేడమ్ చేతిలో రిమోట్ అట్లాగే ఉంది.

"ఏ ఇళ్లు?"

"అది చెప్పను. ఒట్టు వెట్టిన. మా అన్న కాలు పోతాంది గాబట్టి ఇంత చెప్తాన. ఇండ్ల పేర్లు మాత్రం నా నోట్ల నుంచి రావు."

"మరి షీట్లలో..." మేడమ్ నా వైపు చూసింది. "ఈ షీట్లు మీరు రాసినవి కదా. మీకు తెలుసా?"

నేను లేచి నిలబడాలి. ఆ క్షణం ఎంత పొడవుగా ఉందో నాకిప్పటికీ గుర్తుంది. పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకున్నాను, లేవబోయాను అనే అనుకుంటాను. నాకన్నా ముందు వదిన మాట్లాడింది.

"ఆమెకేం తెల్వదు మేడమ్. నేనేం చెప్తే అది రాసింది. తప్పు నాదే."

ఆ రోజు ఆ గదిలో వదిన ఆడిన అబద్ధం అదొక్కటే. నేను తల దించుకున్నాను. లేవలేదు. తెలుసు అనలేదు. మేడమ్ "సరే, మీరు కూర్చోండి" అంది, అప్పటికే కూర్చున్న నాతో.

తరువాతి సంగతి తొందరగా చెప్పేస్తాను. ఏ ఇళ్లో తెలియదు కాబట్టి బజారు నమూనాలన్నీ పక్కన పెట్టారు. వాటిని నాశనం చేసే పని నాదే. నీలం మూతల డబ్బాలు ఒక్కొక్కటే తీసి సంచుల్లో వేశాను, ఒక్కో దాని మీద ఒక్కో ఇంటి నంబరు, నా చేతిరాత. మిగిలిన ఊళ్ల నమూనాలతో మేడమ్ ఒక చిన్న నివేదిక రాసింది. రకరకాల గింజలూ పప్పులూ తినేవాళ్లలో ఎక్కువ రకాల బాక్టీరియా కనబడిందని, దానివల్లే షుగర్ రాలేదని మాత్రం చెప్పలేమని. నిజాయితీగా ఉంది. ప్రాజెక్టు పొడిగించలేదు. మిగిలిన మూడు నెలలకు అందరి పేర్లూ రిజిస్టరులో ఉన్నాయి, వదిన పేరు మాత్రం కొట్టేశారు.

ఆ షావుకారు కొడుకు పెళ్లికి మాకు శుభలేఖ వచ్చింది. నేనొక్కదాన్నే వెళ్లాను. ఆ అమ్మ నన్ను పక్కకు తీసుకుపోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "మా వియ్యంకుడు గూడ షుగర్ గోలీలు మింగుతడట. వాళ్లు గూడ దాసిపెట్టిన్రు. నిన్న మాపటికి బయటపడ్డది!" దొందూ దొందే అనుకొని నేనూ నవ్వాను. భోజనానికి మాత్రం కూర్చోకుండానే వచ్చేశాను.

రిటైరైన రోజు శాలువా కప్పారు. మేడమ్ మాట్లాడుతూ, ఈమె రాసిన కాగితంలో తప్పు ఉండదు అంది. చప్పట్లు కొట్టారు. మీలో కొందరు అక్కడ ఉన్నారు కూడా.

వదినకు ఫోన్ చేయడానికి నాకు ఏడాది పట్టింది. చేస్తే ఆ నంబరు పనిచేయలేదు. పోయిన చలికాలం ఒక పొద్దున స్కూటీ తీశాను. ఐసు డబ్బా లేదు, వెనక బరువు లేదు, గతుకుల దగ్గర బండి ఎగిరెగిరి పడింది. చెరువు కట్ట దాటాక ఆ బోరింగు కనబడింది. ఒక్క నిమిషం ఆగి దాని చేతికర్ర పట్టుకొని నిలబడ్డాను, పక్కన గేదెలు కాసేవాడు ఈమెకేమైంది అన్నట్టు చూశాడు.

వదిన వాకిట్లో నిజం కోళ్లకు జొన్నలు వేస్తూ ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. అరుగు మీద వాళ్లన్న కర్ర పక్కన పెట్టుకొని ఎండ కాచుకుంటున్నాడు. నన్ను చూసి వదిన చేతులు కొంగుకు తుడుచుకుంది. లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, అదే కొంగుతో తుడిచింది.

"రండి మేడమ్. కూసోండి" అంది.

నేను ఏమేం చెప్పాలనుకొని వెళ్లానో అదంతా ఆ మాట దగ్గరే ఆగిపోయింది. కోపంగా అనలేదు. ఎత్తిపొడుపు కూడా కాదు. ఇంటికి వచ్చిన కాలేజీ ఆమెను ఎట్లా పిలవాలో అట్లా పిలిచింది. గ్లాసు నిండా అంబలి పోసి ఇచ్చింది. ఆరోగ్యం అడిగింది, పిల్లలను అడిగింది.

"నాకూ షుగర్ వచ్చింది వదినె" అన్నాను.

"గోలీలు మింగుతాన్రా మేడమ్? బందు వెట్టకుండ్రి."

"మింగుతాన." గ్లాసు కింద పెట్టాను. "ఆ రోజు నేను లేవాల్సి ఉండె వదినె. షీటుల మందులు లేవని రాద్దామన్నది నేను."

కోళ్ల వైపు చూసింది. "ఎప్పటి ముచ్చటో. మీ పింఛను పోతుండె, నా నౌకరి ఎట్లయిన పోయేదే. ఇద్దరం పోవుడెందుకని అన్న. ఊకోండ్రి, అంబలి సల్లారుతాంది."

ఆ ‘ఊకోండ్రి’ దగ్గర నాకు ఏడుపొచ్చింది. ఇంకోసారైతే "ఊకోయే పిల్లా" అనేది. అంత దయగా మాట్లాడిన మనిషి మీద అలిగే హక్కు కూడా నాకు లేదు. అంబలి చివరి గుక్క దాకా తాగి వచ్చేశాను.

కాబట్టి పిల్లలూ, మరిచిపోలేనిది ఇది. షీటు రాసేటప్పుడు తల ఎత్తి ఎదుటి మనిషిని చూడండి, ఆ మనిషి భయపడుతున్నట్టు ఉంటే కలం మూసి ఆ భయం సంగతి ముందు మాట్లాడండి, పేర్లు బయటికి రావని మేడమ్‌తోనే చెప్పించండి. మేము ఆ పని చేసి ఉంటే మెంతుల కథే పుట్టేది కాదు. మేడమ్‌కు పోయిన వారం ఉత్తరం రాశాను. గోలీల సంగతి నాకు అప్పుడే తెలుసు, ‘లేవు’ అని రాద్దామన్నదీ రాసిందీ నేనే, వదిన నన్ను కాపాడింది అని. పింఛను ఏమవుతుందో తెలియదు. జవాబు ఇంకా రాలేదు.

ఇది మన కాలేజీ పత్రికలో అచ్చయ్యాక ఒక కాపీ తీసుకొని మళ్లీ ధర్మసాగర్ దాటి వెళ్తాను. వదినకు ఇప్పుడు అక్షరాలు ఆనవు, నేనే చదివి వినిపిస్తాను, నా తప్పు దగ్గర గొంతు తగ్గించకుండా. చదవడం అయిపోయాక ఆమె నన్ను ఏమని పిలుస్తుందో వినాలి.